దుర్భిక్షానికి కొలమానం

అనంతపురం జిల్లా ప్రస్తావన వచ్చినప్పుడల్లా సభలలోనూ పత్రికలలోనూ తప్పక వినిపించే వాక్యం ఒకటి ఉన్నది. దేశం మొత్తంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన కురిసే జిల్లా అనంతపురమేనని. ఆ జిల్లా పడమటి పల్లెలలో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పాఠాలు చెప్పినవాణ్ణి గనుక ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కాని అది నిజం కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏటి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థానంలోని బాడ్మేరు, బికనీరు జిల్లాలలో కురిసేది ఇందులో సగానికి కాస్త అటూ ఇటూ. మా జిల్లా మిత్రులు కోప్పడవద్దు. కరువులో కూడ మనకు రెండో బహుమతి రాదని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన కరువు వేరు జాతి కరువు అని చెప్పడమే ఉద్దేశం.

ఈ చిన్న పొరపాటుకు ఇంత పట్టింపు ఎందుకంటారేమో. రోగమేదో సరిగా చెప్పకపోతే మందు కూడ తప్పుతుంది. "ఇక్కడ వాన తక్కువ" అన్నది నిదానమైతే చికిత్స ఒక్కటే మిగులుతుంది, ఎక్కడినుంచో నీళ్ళు తేవడం. నీళ్ళు తేవద్దని నేను అనను. తుంగభద్ర ఎగువకాలువ అయినా, హంద్రీ-నీవా అయినా వచ్చినంతవరకు మేలే చేశాయి. అయితే కాలువ ఎక్కని నేల ఇప్పటికీ ఎక్కువ. ఆ నేలమీద కరువు ఎప్పుడు వస్తుంది, ఎవరిమీద పడుతుంది, ముందుగా దానిని ఎట్లా పసిగట్టాలి అన్న ప్రశ్నకు సగటు వర్షపాతం జవాబు చెప్పదు. ఈ ప్రశ్నను మనవాళ్ళు, మనలను ఏలినవాళ్ళు ఏయే కాలాలలో ఏయే విధాల అడిగారో చూడాలని ఈ ప్రయత్నం.

మాటలతో మొదలుపెడతాను, అది పండితుల పాత అలవాటు. వాన పడకపోవడానికి మనకు ఉన్న మాట అనావృష్టి. అతివృష్టితో మొదలయ్యే ఆరు ఈతిబాధలలో ఇది రెండవది. అక్కడ లెక్క మేఘానిది. క్షామం అన్నప్పుడు లెక్క శరీరానిది. కృశించడం, ఎండిపోవడం అని ఆ మాటకు అర్థం. ఇక దుర్భిక్షం. భిక్ష దొరకడం కష్టమైన కాలం దుర్భిక్షం, సులువుగా దొరికే కాలం సుభిక్షం. ఈ మాటను కట్టినవాడెవడో గాని గొప్ప పరిశీలకుడు. ఆకాశం వంక చూడలేదు, పొలం వంక చూడలేదు, వాకిట నిలిచిన బిచ్చగాడి జోలె చూశాడు. ఇంట్లో గింజ ఉన్న గృహిణి చేయి వెనక్కు తీసిందంటే రాబోయే నెలలను గురించి ఆమె ఒక అంచనా వేసుకున్నదన్నమాట. ఆ అంచనాయే కొలమానం. ఈ విషయం ముందు మళ్ళీ వస్తుంది.

మేఘాన్ని కొలిచే విద్య కూడ మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారం వద్ద మూరెడు నోరుగల పాత్రను వానను కొలవడానికి పెట్టమని ఉన్నది. వ్యవసాయాన్ని చూసే సీతాధ్యక్షుని ప్రకరణంలో ఏ దేశానికి ఎన్ని ద్రోణాల వాన అన్న పట్టిక వంటిది ఉన్నది. మెట్ట ప్రాంతాలైన జాంగల దేశానికి 16 ద్రోణాలు, నీటి వసతి గల అనూప దేశానికి అందుకు ఒకటిన్నర రెట్లు, అవంతికి 23, అశ్మకానికి పదమూడున్నర. అశ్మకానికి రాజధాని అయిన పోదన నేటి తెలంగాణలోని బోధన్ అని చరిత్రకారులు గుర్తించారు గనుక, ఆ పట్టికలో మన నేల కూడ కొంత ఉన్నదని మురిసిపోవచ్చును. కాని నన్ను ఆకర్షించినవి ఈ అంకెలు కావు, వాటి తరువాత వచ్చే రెండు విషయాలు. మొత్తం వానలో మూడవ వంతు మొదటి, చివరి నెలలలోనూ, మిగిలిన రెండు వంతులు నడిమి రెండు నెలలలోనూ కురిస్తే అది మంచి వర్షమని మొదటిది. అంటే ఎంత కురిసిందన్నదానితో పాటు ఎప్పుడు కురిసిందన్నది కూడ లెక్కలోకి వచ్చింది. వానను చూసి, దానికి తగినట్టు ఎక్కువ నీరు కోరే పైరో తక్కువ నీరు కోరే పైరో వేయించాలని రెండవది. కొలత ముందు, విత్తనం తరువాత. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం సంగతి చాలామంది ఎరుగుదురు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించి 1369లో వేయించినది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పబడ్డాయి. కట్ట చెమ్మ కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, నడుమ మిట్ట ఉండడం అనేవి నాలుగు. మిగిలిన రెండు చిత్రమైనవి: నీరు తక్కువై నేల విశాలంగా ఉండడం ఒకటి, నేల తక్కువై నీరు అధికంగా ఉండడం మరొకటి. ఈనాడు ఇంజనీర్లు పరీవాహక ప్రాంతానికీ ఆయకట్టుకూ పొంతన చూడడం అంటారే, అదే ఇది. పొలిమేర దోషం చూడండి. నీటి తగాదా ఎక్కడ పుడుతుందో ఆ శాసనం రాసినవాడికి తెలుసు. రాతిమీద చెక్కిన ఈ జాబితాను నేను కావ్యంగా చదవలేదు, ముందస్తు ప్రమాద అంచనాగానే చదివాను. చెరువు తెగిన తరువాత కాదు, కట్టకముందు అడగవలసిన ప్రశ్నలు ఇవి. అనంతపురం పట్టణానికి ఆ పేరు తెచ్చిన పెద్దచెరువు కూడ ఆ బుక్కరాయల కాలం నాటిదే.

రైతుకు శాసనాలు అక్కరలేదు. అతనికి కార్తెలు ఉన్నాయి. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త, స్వాతి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్న సామెత తెలియని తెలుగు రైతు ఉండడు. పంచాంగంలో మేఘాధిపతి ఎవరో, ఆ ఏడు ఎన్ని ఆఢకాల వానో ఉగాదినాడు వినేవారు గాని, విత్తే నాడు చూసేది కార్తెనే. పుష్యమి దాటినా పదును దొరకకపోతే జొన్న మానుకొని కొర్రకో, అదీ దాటితే ఉలవకో దిగేవారు. పంచాంగ ఫలశ్రుతికీ ఈ కార్తెల వ్యవసాయానికీ గల తేడా చెప్పకపోతే అన్యాయం. మొదటిది జోస్యం. రెండవది తరతరాల పరిశీలన. వానను పక్షానికొక ముక్కగా కోసి, ఏ ముక్క తప్పితే ఏ పైరు పోతుందో కట్టుకున్న లెక్క.

ఇక ధాత కరువు. ధాతనామ సంవత్సరం 1876లో వచ్చింది. అప్పటికి అనంతపురం వేరు జిల్లా కాదు, బళ్ళారిలో భాగం, 1882లో విడిపోయింది. దత్తమండలాలుగా కుంపిణీ చేతికి 1800లో వచ్చిన ఈ ప్రాంతమంతా ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్నది. దక్షిణ భారతంలో లక్షోపలక్షల ప్రాణాలు పోయాయి. బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే 55 లక్షలని ఒక అంచనా. 1871 జనాభా లెక్కలను 1881 లెక్కల పక్కన పెడితే ఈ జిల్లాలలో జనం పెరగకపోగా తరిగిపోయారు. ఆ సంవత్సరాలలో పసిఫిక్ మహాసముద్రంలో బలమైన ఎల్‌నినో ఉన్నదని ఇప్పటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అప్పటివారికి ఆ సంగతి తెలియదు. భారత వాతావరణ శాఖ పుట్టిందే 1875లో.

తెలియనప్పుడు ఏదో ఒక కొలత వెతుక్కోవడం మనుష్య స్వభావం. విలియం విల్సన్ హంటర్ అనే దొర 1877లో మద్రాసు నగరపు వర్షపాతం లెక్కలను 1813 నుంచి తీసి, సూర్యబింబంమీది మచ్చలకూ మద్రాసు వానకూ పదకొండేళ్ళ చక్రం ఒకటి ఉన్నదని పుస్తకం ప్రకటించాడు. మచ్చలు తగ్గిన ఏళ్ళలో వాన తగ్గుతుందట. మన మేఘాధిపతిని నవ్విన దొరలే సూర్యుని మచ్చలను నమ్మారు! అది నిలబడలేదనుకోండి. అయినా ఆయన అడిగిన ప్రశ్న మంచిది: కరువు రాకను ముందుగా తెలుసుకోగలమా? ఆయన పట్టుకున్న కొలబద్ద మాత్రం సముద్రపు ఒడ్డున ఉన్న ఒక్క నగరంలోని వర్షమాపకం. బళ్ళారి చెలకమీద మొక్క ఎండడానికీ మద్రాసులోని ఆ పాత్రకూ ఎంత దూరమో ఆయన ఆలోచించినట్టు లేదు. జవాబు కోసం దూరపు అంకెను పట్టుకునే ఈ జబ్బు మనకు ఇంకా వదలలేదు.

అదే ఏడాది జనవరి 1న లిట్టన్ ప్రభువు ఢిల్లీలో విక్టోరియా రాణికి చక్రవర్తిని బిరుదు ప్రకటించే దర్బారు జరుపుతున్నాడు. మద్రాసులో ఖర్చు ఎక్కువైపోతున్నదని రిచర్డ్ టెంపుల్‌ను పంపించాడు. కరువు పనులలో రోజంతా శ్రమించే మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలి చాలునని టెంపుల్ నిర్ణయించాడు. పౌను అంటే 450 గ్రాములు. అంతకు ముందు మద్రాసులో ఇచ్చినది పౌనున్నర. మద్రాసు ఆరోగ్య కమిషనరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు, పనిచేసే శరీరానికి అది చాలదని వాదించాడు. చివరకు కొన్ని నెలలకు కూలి పెంచవలసి వచ్చింది. ఆ నెలలలో పోయినవారు పోయారు. ఆకలిని కూడ త్రాసులో వేసి కనిష్ఠం ఎంతో తేల్చుకోవాలని చూసిన కాలం అది.

ఆ పాపభారంతోనే కాబోలు, 1878లో రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన కరువు కమిషన్ వేశారు. 1880లో నివేదిక వచ్చింది, 1883లో కరువు నిబంధనావళి, అంటే ఫామిన్ కోడ్, తయారైంది. దానిని తిట్టేవారు చాలామంది. దూరాన పని పెట్టడం, కంకర కొట్టించడం, కష్టమైన పనికి తక్కువ కూలికి ఒప్పుకునేవాడే నిజమైన ఆకలిగొన్నవాడు అనడం, ఇవన్నీ క్రూరమే. కాదనను. అయితే ఆ కోడ్‌లో ఒక తెలివి ఉన్నది, దానిని గుర్తించడం న్యాయం. కరువంటే ముందుగా పని లేకపోవడం, ఆ పిమ్మటనే గింజ లేకపోవడం అని కమిషన్ గ్రహించింది. అందుచేత అధికారులను వానతో పాటు మనుషులను కూడ గమనించమన్నది. ధరలు ఎక్కుతున్నాయా, అప్పు పుట్టడం లేదా, దొంగతనాలు పెరిగాయా, జనం ఊళ్ళు విడిచి తిరుగుతున్నారా, ప్రైవేటు దానధర్మాలు తగ్గాయా. ఈ చివరి గుర్తు చూడండి. బిచ్చం పుట్టకపోవడమే కదా దుర్భిక్షం! స్ట్రేచీ దొరకు సంస్కృతం వచ్చో రాకనో గాని, మన పాత మాటలోని కొలమానాన్నే చట్టంలోకి తెచ్చాడు. అనుమానం తగిలిన చోట ప్రయోగాత్మకంగా పని పెట్టి, జనం వస్తే కరువున్నట్టు, రాకపోతే లేనట్టు.

ఇందులో లోపం వేరే చోట ఉన్నది. ఆ గుర్తులన్నీ పంట పోయిన తరువాత కనిపించేవి. సర్కారు ఖజానా ఎప్పుడు తెరవాలో చెప్పడానికి పుట్టిన కొలత అది. రైతు ఏమి విత్తాలో చెప్పడానికి పుట్టలేదు. కౌటిల్యుని వరుస తలకిందులయింది: విత్తనం ముందు, కొలత తరువాత. కరణాలు పంటను అణాలలో లెక్కగట్టడం కూడ ఆ కోవలోనిదే. పదహారణాల పంట అన్న మాట మన నాలుకమీద ఇంకా ఉన్నది. అది శిస్తుకోసం కట్టిన లెక్క.

ఇక్కడ నేను స్వయంగా చూసిన కొలత ఒకటి చెప్పాలి. బడి హాజరుపట్టీ. వాన తప్పిన ఏళ్ళలో దీపావళి దాటగానే వెనుక బెంచీలు ఖాళీ అవుతూ వచ్చేవి. తల్లిదండ్రులు బెంగళూరుకు కట్టడపు పనులకు వెళ్ళేవారు. పెద్దపిల్లలను చిన్నపిల్లలకు తోడుగా తీసుకుపోయేవారు. ముసలివాళ్ళ దగ్గర వదిలినవాళ్ళు బడికి వచ్చేవారు, వచ్చి నిద్రపోయేవారు. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించారన్న వార్త పత్రికలో వచ్చేటప్పటికి నా తరగతిలో ఆ సంగతి పాతబడి ఉండేది. ఒక ఏడాది పక్క మండలాన్ని ప్రకటించి మా మండలాన్ని వదిలివేశారు. వర్షమాపకం ఉన్న మండల కేంద్రంలో ఒక్క రాత్రి కురిసిన జడివాన లెక్కను సరిచేసిందన్నారు. మా ఊరికి ఆ రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి. ఆ ఏడు హాజరుపట్టీలో రెండు ఊళ్ళ పిల్లల గైర్హాజరుకూ తేడా ఏమీ లేదు. 2003లో మధ్యాహ్న భోజనం వచ్చాక కొందరు నిలిచారు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మా జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలయింది. కరువు ప్రకటనతో నిమిత్తం లేకుండా అడిగినవాడికి పని అన్న సూత్రం చూసినప్పుడు, 1883 నాటి కోడ్‌కు ఇది నూటపాతికేళ్ళ తరువాత ఇచ్చిన జవాబు అనిపించింది.

స్వాతంత్ర్యం తరువాత కొలతలు మారాయి. 1972 నాటి నీటిపారుదల కమిషన్, వర్షపాతం మామూలు కంటె నాలుగవ వంతుకు మించి తగ్గే ఏళ్ళు నూటికి ఇరవై ఉంటే అది కరువు ప్రాంతమనీ, నలభై ఉంటే నిత్య కరువు ప్రాంతమనీ నిర్వచించింది. ఇది మంచి అడుగు. సగటును వదిలి, తప్పే అవకాశం ఎంత అని అడిగింది. 1973లో కరువు పీడిత ప్రాంతాల పథకం వచ్చింది. మన తెలుగువాడే అయిన సి. హెచ్. హనుమంతరావు గారి అధ్యక్షతన 1994లో వచ్చిన నివేదిక తరువాత, అనంతపురాన్ని ఎడారి అభివృద్ధి పథకంలో చేర్చారు. జైసల్మేరుతో పోలిక అప్పటినుంచి మరింత బలపడి ఉంటుందని నా ఊహ.

కాని అదే కాలంలో కరువు ముప్పును పెంచిన మార్పు మేఘంలో రాలేదు, పొలంలో వచ్చింది. కొర్ర, సజ్జ, జొన్న, అరిక, ఉలవ, కంది కలిసి ఉండే చెలకలలో వేరుశనగ ఒక్కటే నిలిచింది. నూనెగింజకు ధర, మిల్లులు, పంట రుణం, పంట బీమా అన్నీ దాని చుట్టూనే అల్లుకున్నాయి. ఒక దశలో ఖరీఫ్‌లో ఎనిమిది లక్షల హెక్టార్లకు ఎక్కింది. జిల్లా వైశాల్యం 19,130 చదరపు కిలోమీటర్లు. అంటే కొండలు, ఊళ్ళు, చెరువులు, అడవులు అన్నీ కలిపిన నేలలో ఐదింట రెండు వంతులు ఒకే పైరు. వేరుశనగను నేను ద్వేషించను. మా ప్రాంతంలో ఎందరో పిల్లల చదువు ఆ గింజలమీదనే సాగింది. అయితే దాని స్వభావం చూడండి. జూలైలో విత్తితే ఆగస్టు చివరా సెప్టెంబరులోనా ఊడలు దిగాలి. ఊడ భూమిలోకి చొరబడాలంటే పైమట్టి తడిగా ఉండాలి. సరిగ్గా ఆ మఖ, పుబ్బ కార్తెలలో మూడు నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే, తరువాత హస్తలో కుంభవృష్టి కురిసినా కాయ రాదు. ఏడాది చివర లెక్క చూస్తే వర్షపాతం "సాధారణం". రైతు చేతిలో పీచు.

పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకోవడం, తూర్పు సముద్రం దూరం కావడంచేత ఈశాన్య వాన అరకొరగా రావడం, ఇవి అందరూ చెప్పేవే. నేల సంగతి మాత్రం చాలామంది మరుస్తారు. జిల్లాలో ఎక్కువ భాగం లోతులేని ఎర్రనేల. వాన పడిన వారానికి తడి ఆరిపోతుంది. ఉరవకొండ, గుంతకల్లు, తాడిపత్రి వైపు నల్లరేగడి ఉన్నది. అక్కడ సెప్టెంబరు, అక్టోబరు వానలను నేల మింగి దాచుకుంటుంది; ఆ దాచిన చెమ్మమీద శనగ పండిస్తారు. ఒకే జిల్లా, ఒకే వాన, ఒకే ఏడు. ఒకచోట కరువు, మరొకచోట పంట. వర్షమాపకం ఈ రెంటికీ ఒకే అంకె చెబుతుంది.

బీమావాళ్ళు ఈ చిక్కును ముందుగా గుర్తించారు, చిక్కుకొన్నారు కూడ. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వాన లెక్కనుబట్టే పరిహారం ఇచ్చే బీమాను బేసిక్స్, ఐసిఐసిఐ లొంబార్డ్ సంస్థలు ప్రవేశపెట్టాయి. దేశంలో అటువంటి ప్రయోగాలలో అది తొలినాటిది. పంట కోతదాకా ఆగనక్కరలేదు, వాన అంకె చాలు. చక్కని ఆలోచనయే. కాని మాపకానికీ పొలానికీ మధ్య నాలుగు క్రోసులుంటే, మాపకంలో పడిన వాన పొలంలో పడిందని ఎవరు పూచీ? హంటర్ దొర మద్రాసు పాత్ర చిన్నదయింది గాని మాయం కాలేదు.

కేంద్ర ప్రభుత్వం 2009లో ఒక కరువు మాన్యువల్, 2016లో దానికి సవరించిన ప్రతి తెచ్చింది. ఆ 2016లోనే వాతావరణ శాఖ తన నిఘంటువులోంచి కరువు అన్న మాటను తీసివేసి, వర్షపాత లోటు అన్న మాటతో సరిపెట్టుకున్నది! మాట పోయింది, వస్తువు ఉండిపోయింది. కొత్త మాన్యువల్‌లో మెచ్చుకోదగినవి ఉన్నాయి. వాన లోటుతో పాటు మూడు నాలుగు వారాల వరుస బెట్టను కూడ లెక్కలోకి తీసుకున్నారు. నూరేళ్ళుగా రైతులు చెబుతున్నదానిని కాగితం ఒప్పుకున్నదన్నమాట. తరువాత సాగయిన విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాలలోని పచ్చదనం, నేల చెమ్మ, చెరువులలో భూగర్భంలో ఉన్న నీరు చూస్తారు. పదింట ఒక వంతు ఊళ్ళలో పొలానికి వెళ్ళి సరిచూడాలి. తీవ్రమైన కరువని తేలితేనే కేంద్ర సహాయం. ఉపగ్రహం చూసే పచ్చదనంలో కాయ పట్టని వేరుశనగ ఆకు కూడ పచ్చగానే ఉంటుందని, బీడులో మొలిచిన కంపచెట్టు కూడ పచ్చనిదేనని ఇక్కడ గుర్తు చేయాలి. 1883 కోడ్ మనుషులను చూడమన్నది. ఈ పట్టికలో వలసపోయినవాడికి గడి లేదు. నా మట్టుకు ఇది వెనుకడుగు.

2023 ఆగస్టు చూడండి. దేశంలో 1901 నుంచి లెక్కలు ఉన్నంత వరకు అంత పొడి ఆగస్టు లేదన్నారు. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు, ఎక్కువ భాగం రాయలసీమవే. ప్రకటన వచ్చేనాటికి ఖరీఫ్ అయిపోయింది. అంతకు రెండేళ్ళ ముందు 2021 నవంబరులో ఇదే సీమలో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. నేల తక్కువై నీరు అధికం కావడం దోషమని పోరుమామిళ్ళ శాసనం ఆరవదిగా చెప్పిందే, అది. మారుతున్న శీతోష్ణస్థితిలో ఈ రెండూ ఒకే ప్రాంతానికి ఒకదాని వెంట ఒకటి రావచ్చునని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. సగటు మారకుండానే బెట్టలు, జడివానలు రెండూ పెరగవచ్చును.

హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ వారు 2013లో ఒక పటాల సంపుటి, 2019లో మరింత విపులమైన అంచనా వెలువరించారు. దేశంలోని 573 గ్రామీణ జిల్లాలను పరిశీలించి, 109 జిల్లాలకు అతి ఎక్కువ ముప్పు, 201 జిల్లాలకు ఎక్కువ ముప్పు అని తేల్చారు. ప్రమాదమంటే వాన తప్పడం ఒక్కటే కాదని, అక్కడ ఎంతమంది, ఎంత నేల దానికి ఎదురుగా ఉన్నారో, తట్టుకునే శక్తి ఎంతో కూడ కలిపి చూడాలని వీరి పద్ధతి. చాల మంచి పని. నా అభ్యంతరం ఒక్కటే: కొలత జిల్లాకు. ఎర్రనేలా రేగడీ ఒకే రంగు పూసుకుంటాయి. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా రెండు ముక్కలయింది. పటంలో గీత జరిగింది, రేగడి జరగలేదు. వానలు రెండు వారాలు, నాలుగు వారాలు, ఆరు వారాలు ఆలస్యమైతే ఏ పైరు వేయాలో చెప్పే ప్రత్యామ్నాయ ప్రణాళికలను 650 జిల్లాలకు అదే సంస్థ తయారుచేసింది. మిత్రులు వీలైతే తమ జిల్లాది తెరిచి చూడండి. అది మన కార్తెల లెక్కే, కొత్త వేషంలో. అయితే ఆ వారం ఆ విత్తనం ఆ ఊరి కొట్టులో దొరకాలి. కొర్ర విత్తనం కావలసిన నాడు వేరుశనగ మూటలు మాత్రమే ఉంటే ప్రణాళిక కాగితమే.

ఊరే తన ముప్పును తాను కొలుచుకున్న ప్రయోగం ఒకటి మనవద్ద జరిగింది. అంతర్జాతీయ ఆహార వ్యవసాయ సంస్థ సహాయంతో 2003లో మొదలై, అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ అనే ఏడు కరువు జిల్లాలలో 638 గ్రామాలలో నడిచింది. రైతులే, వారిలో చదువు లేని ఆడవారు కూడ, రోజూ వాన కొలిచారు, ఎంచుకున్న బావులలోనూ బోర్లలోనూ నీటిమట్టం కొలిచి ఊరి గోడమీద రాశారు. రబీ ముందు ఒకనాడు అందరూ కూడి, భూమిలోకి ఇంకినది ఎంత, తోడుకోగలిగినది ఎంత, ఎవరు ఏ పైరు ఎన్ని ఎకరాలు వేయదలచారు, దానికి ఎంత నీరు అని కూడిక తీసివేతలు చేశారు. లోటు తేలితే ఆ పైని ఎవరి ఇష్టం వారిది. నిర్బంధం లేదు, రాయితీ లేదు. వరి తగ్గించుకున్నవారు అనేకులు. 2010లో భారత భూగర్భజలాలమీద ప్రపంచ బ్యాంకు తెచ్చిన నివేదికలో ఈ ప్రయోగానికి మంచి చోటు ఇచ్చారు. కొలత ముందు, విత్తనం తరువాత. సీతాధ్యక్షుడు చేయించవలసిన పనిని ఆ రైతులు తామే చేసుకున్నారు. బోరు ఎండిన తరువాత పరిహారం కోరే కొలత కాదిది. బోరు వేయాలా వద్దా అని తేల్చుకునే కొలత.

ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక వర్షమాపకం ఉండాలని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పైవారికి రెండుసార్లు రాశాను. ఇప్పుడు మళ్ళీ ఇక్కడ రాస్తున్నాను. మిల్లీమీటర్లు చదవడం ఆరవ తరగతి పిల్లవాడికి పది నిమిషాలలో వస్తుంది. తేదీ, వాన, ఆ రోజు బడిలో లేనివారి సంఖ్య, ఊరి బావిలో నీరు ఎన్ని మూరలు. నాలుగు గడులు చాలు. పది పన్నెండేళ్ళు రాసిన పట్టీని కార్తెలవారీగా కూడితే, ఏ కార్తెలో బెట్ట పట్టితే ఆ ఊరు ఎన్ని వారాలకు ఖాళీ అవుతుందో తేలుతుంది; ఆ ఊరి చెలకలో వేరుశనగ ఎంత, కొర్ర ఎంత ఉండాలో ఊరివాళ్ళే మాట్లాడుకోవచ్చును. వాతావరణ శాఖవారు వాన కొలిచే వేళ ఉదయం ఎనిమిదిన్నర. బడి గంట కొట్టకముందే పని అయిపోతుంది.